ఇంట్లోని ప్రాచీన నాణేల పుట్టుపూర్వోత్తరాలు కనుక్కోవడం ఎలా

ఇంటి పెద్దాయన కాలం చేశాక బీరువా సర్దుతుంటే అడుగు అరలో ఒక బిస్కెట్ డబ్బా బయటపడుతుంది. దాని నిండా చిన్న చిన్న కాగితపు పొట్లాలు, పొట్లాల్లో మట్టిరంగు బిళ్ళలు ఉంటాయి. ఒకదాని మీద ఏనుగు, ఇంకొకదాని మీద నాలుగు వలయాల ఉజ్జయినీ చిహ్నం, మరొకదాని మీద అరిగిపోయి పోల్చుకోలేని గీతలు కనిపిస్తాయి. ఇలాంటి సేకరణ చేతికందినవారు సాధారణంగా ముందు ధర గురించి అడుగుతారు. ఈ నాణెం ఏ నేలలో దొరికింది, అక్కడినుంచి ఎవరెవరి చేతులు మారి ఈ డబ్బాలోకి చేరింది అన్నవే ముందు అడగవలసిన ప్రశ్నలని నేను నమ్ముతాను.

ఎందుకో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. గోదావరి ఒడ్డున, ఇప్పటి జగిత్యాల జిల్లాలోని కోటిలింగాలలో దొరికిన నాణేలలో కొన్ని సాతవాహన వంశానికి మూలపురుషుడైన సిముకుడివని శాసన, నాణేల పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గుర్తించారు. అదే చోట గోబద, నారన, కంవాయసిరి, సమగోప అనే పేర్లున్న, సాతవాహనులకు ముందటి స్థానిక పాలకుల నాణేలు కూడా దొరికాయి. సాతవాహనుల తొలి రోజుల గురించిన చర్చ తెలంగాణ వైపు తిరగడానికి ఆ లోహపు ముక్కలు ఎంత కారణమో, అవి దొరికిన చోటు తెలిసి ఉండటం కూడా అంతే కారణం. అవే నాణేలు ఊరూ పేరూ లేకుండా ఏదో నగరంలో పాత వస్తువుల అంగట్లో కనబడి ఉంటే ఒక రాజు పేరు మాత్రం తెలిసేది, ఆయన నాణెం ఏ నేల మీద చెల్లిందో తెలిసేది కాదు.

ఈ వెతుకులాటలో రెండు వేర్వేరు విషయాలు ఉన్నాయి. మొదటిది నాణెం దొరికిన చోటు. రెండవది దొరికిన నాటినుంచి నేటివరకు అది చేతులు మారిన క్రమం. ఈ రెంటినీ కలిపేయడం వల్లనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. “తాతగారు గుంటూరులో కొన్నారు” అన్న మాట మూడో మనిషి నోట “గుంటూరులో దొరికింది” అని మారిపోవడానికి ఒక తరం కూడా పట్టదు. కాబట్టి పని మొదలుపెట్టిన రోజునుంచే ఈ రెంటినీ రెండు వేర్వేరు గడుల్లో రాయడం అలవాటు చేసుకోండి.

డబ్బా తెరిచిన రోజున

నాణేలను శుభ్రం చేయకండి. రాగి చెంబులు తోమే అలవాటు కొద్దీ చాలా ఇళ్ళలో పాత నాణేలను కూడా చింతపండుతో రుద్ది మెరిపిస్తారు. చింతపండులోని ఆమ్లం రాగి నాణెం మీద శతాబ్దాలుగా పేరుకున్న చిలుము పొరను తీసేస్తుంది, ఆ పొరతో పాటు అక్షరాల అంచులూ పోతాయి. మెత్తని లోహం కనుక సీసపు నాణేలకు తోమడం వల్ల కలిగే నష్టం ఇంకా ఎక్కువ. సాతవాహనుల, ఇక్ష్వాకుల నాణేలలో పెద్ద భాగం సీసానివే. పైగా అక్షరాల సందుల్లో ఇరుక్కున్న మట్టి కూడా సాక్ష్యమే. ఒకే పొట్లంలోని పన్నెండు నాణేలకూ ఒకే తీరు నల్లరేగడి, ఒకే రంగు చిలుము పట్టి ఉంటే అవన్నీ ఒకే కుండలోంచి వచ్చి ఉండవచ్చన్న ఊహకు అది తొలి ఆధారం అవుతుంది. తోమిన తర్వాత ఆ ఆధారాన్ని ఎవరూ తిరిగి తేలేరు.

పొట్లాలను విప్పే ముందు డబ్బాను ఉన్నది ఉన్నట్టుగా ఫోటో తీయండి. తర్వాత ఒక్కొక్క పొట్లాన్ని విప్పుతూ, ఏ పొట్లంలో ఏ నాణేలు ఉన్నాయో తెలిసేలా కాగితాన్నీ నాణేలనూ పక్కపక్కన పెట్టి మళ్ళీ ఫోటో తీయండి. పొట్లం కట్టిన కాగితాన్ని పారేయకండి. అది దినపత్రిక ముక్క అయితే దాని మీద తేదీ ఉండవచ్చు, తేదీ లేకపోయినా అచ్చయిన వార్తను బట్టి సంవత్సరం తెలియవచ్చు. ఆ కాగితం రుజువు చేసేది ఒక్కటే: ఆ పొట్లం ఆ తేదీకి ముందు కట్టినది కాదు. ఇరవై ఏళ్ళ పాత పత్రికలో నిన్న కట్టిన పొట్లం కూడా ఉండవచ్చు కనుక, తేదీని అంతకు మించి సాగదీయకూడదు. కాగితం మీద పెన్సిలుతో రాసిన అంకెలు, ఒక ఊరి పేరు, “బా. రా. గారు ఇచ్చినవి” వంటి పొడి అక్షరాలు కనబడితే వాటిని అక్షరం మార్చకుండా ఎత్తి రాసుకోండి, అర్థం తర్వాత తేలుతుంది.

సీసపు నాణేల మీద తెల్లని పొడి కనిపిస్తే వాటిని చెక్క బీరువాలోంచి వెంటనే బయటికి తీయండి. చెక్కనుంచి, అట్టలనుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తినేస్తుంది. ఆ పొడి విషం కాబట్టి చేతి తొడుగులు వేసుకోండి, పని అయ్యాక చేతులు కడుక్కోండి. మెత్తగా, జిడ్డుగా తగిలే పీవీసీ కవర్లలో ఏ నాణేన్నీ ఉంచకండి.

ప్రతి నాణేనికీ ఒక పుట

గట్టి అట్ట ఉన్న రిజిస్టరు ఒకటి తీసుకుని ఒక్కొక్క నాణేనికి ఒక్కొక్క పుట కేటాయించండి. కంప్యూటరులో పట్టిక కూడా పెట్టుకోవచ్చు, కానీ ఇంటి రికార్డు విషయంలో చేతిరాత రిజిస్టరు ఎక్కువ కాలం నిలుస్తుందని నేననుకుంటాను. నాణేనికి ఇచ్చిన సంఖ్యను కవరు మీద మాత్రమే రాయాలి. నాణెం మీద సిరాతో రాయడం, చీటీ అతికించడం కూడదు. లోహం, బరువు, కొలత, రెండు వైపులా కనిపించే బొమ్మలు, అక్షరాలు, అంచు తీరు ఆ పుటలో ఉండాలి. బంగారం తూచే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసుతో బరువును గ్రాములో నూరో వంతు వరకు చూడండి. విద్ధాంక నాణేల (వెండి ముక్కల మీద చిన్న చిన్న ముద్రలు గుద్దిన తొలినాటి నాణేల) వంటి వాటికి బరువే మొదటి పరీక్ష. వాటిలో ప్రధానమైన కార్షాపణం 32 రత్తుల (గురివింద గింజల) ప్రమాణానికి, అంటే దాదాపు 3.4 గ్రాములకు కొట్టినది.

బొమ్మకూ బొరుసుకూ ఉన్న దిశల సంబంధాన్ని కూడా రాయండి. బొమ్మ వైపు నిటారుగా పట్టుకుని పుస్తకంలో పుట తిప్పినట్టు పక్కకు తిప్పినప్పుడు, వెనుకవైపు గుర్తు పైభాగం గడియారంలో ఎన్నో గంట దగ్గర నిలిచిందో ఆ అంకె వేస్తే చాలు. ఫోటోలు తీసేటప్పుడు పక్కన స్కేలు ఉంచి, వెలుతురు ఒక పక్కనుంచి వాలుగా పడేలా చూసుకోండి. పైనుంచి నేరుగా పడే వెలుతురులో సీసపు నాణెం మీది అక్షరాలు అసలు కనబడవు.

ప్రాచీన నాణేల విషయంలో ఒక మేలు ఉంది. అవి చేత్తో కొట్టినవి కాబట్టి ఒకే అచ్చుతో కొట్టిన రెండు నాణేలు కూడా అచ్చంగా ఒకేలా ఉండవు. బిళ్ళ ఆకారం వంకరగా ఉంటుంది, అచ్చు ఒక పక్కకు జరిగి పడుతుంది, అంచులు చిట్లుతాయి. ఈ వంకరలే ఆ నాణెం వేలిముద్రలు. మంచి ఫోటో ఉంటే, యాభై ఏళ్ళ కిందట అచ్చయిన నలుపు తెలుపు బొమ్మలోని నాణెమూ మీ చేతిలోని నాణెమూ ఒకటే అని నిర్ధారించవచ్చు.

ఇంటివాళ్ళ మాటలు, ఇంట్లోని కాగితాలు

ఇప్పుడు పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. ఈ పనికి వాయిదా పనికిరాదు. కాగితం ఇంకో పదేళ్ళు ఆగుతుంది, తొంభై ఏళ్ళ పెదనాయనమ్మ జ్ఞాపకం ఆగకపోవచ్చు. అడిగే తీరు చాలా ముఖ్యం. “ఇవి అమరావతిలో దొరికాయా, నాయనమ్మా?” అని అడిగితే ఆవిడ అవుననే అంటుంది, ఎందుకంటే మనుమడు ఆ మాట వినాలనుకుంటున్నాడు. ఊరి పేరు మీరు ఎత్తకండి. “తాతయ్య ఇవి మొదటిసారి ఎప్పుడు చూపించారు, అప్పుడు మీరు ఏ ఊళ్ళో ఉన్నారు, ఎవరైనా తెచ్చి ఇవ్వడం మీరు చూశారా?” అన్నట్టుగా అడగండి. చెప్పిన మాటను చెప్పినట్టే రాయండి, తేదీ వేయండి, అది ఆమె కళ్ళారా చూసినదో ఇంకొకరు చెప్పగా విన్నదో పక్కన గుర్తు పెట్టండి. ఇద్దరు మనుషులు రెండు రకాలుగా చెబితే రెండూ ఉంచండి.

సేకరించిన మనిషి ఉద్యోగ జీవితం మొత్తం ఒక పట్టికగా వేయడం చాలాసార్లు దారి చూపిస్తుంది. మన ప్రాంతంలో పాత నాణేలు ఎక్కువగా మూడు రకాలుగా బయటపడ్డాయి: పాటిదిబ్బలను, అంటే పాడుబడిన పాత ఊళ్ళ దిబ్బలను తవ్వి ఆ పాటిమన్నును పొలాలకు ఎరువుగా తోలుకున్నప్పుడు, పెద్ద వానలకు దిబ్బలు కోసుకుపోయినప్పుడు, కాలువలకో ఇళ్ళ పునాదులకో నేల తవ్వినప్పుడు. అందుచేత రెవెన్యూ, నీటిపారుదల, రైల్వే శాఖల్లో తిరిగిన వారి దగ్గర, పల్లెల్లో పనిచేసిన ఉపాధ్యాయుల దగ్గర నాణేలు చేరడం సహజం. ఆయన 1950లలో మాచర్ల ప్రాంతంలో ఉన్నారని సర్వీసు పుస్తకం చెబితే, అదే కాలంలో నాగార్జునసాగర్ ముంపు కారణంగా 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండలో తవ్వకాలు జరిగాయన్న సంగతి మీకు ఉపయోగపడుతుంది. ఉపయోగపడుతుంది అన్నాను; రుజువవుతుంది అనలేదు. ఆ చోట ఉద్యోగం చేయడానికీ ఆ చోటి నాణెం దొరకడానికీ మధ్య ఉన్న ఖాళీని ఉత్తరమో రసీదో నింపాలి.

కాబట్టి ఉత్తరాల కట్టలు, డైరీలు, మనియార్డరు రసీదులు, వీపీపీ కవర్లు, నాణేల సంఘాల చందా కాగితాలు వెతకండి. 1910లో ఏర్పడిన భారత నాణక శాస్త్ర సమాజం పత్రికలు ఇంట్లో కట్టలుగా కనబడితే, పెద్దాయన ఆ రంగంలోని వారితో ఉత్తరాలు నడిపి ఉండవచ్చు. కాగితాల్లో కనిపించే ఊళ్ళను రాసేటప్పుడు అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా రెండూ వేయాలి. 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు మారాయి. పాత పుస్తకంలో మెదక్ జిల్లా కొండాపురం అన్నది ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో, గుంటూరు జిల్లా వినుకొండ అన్నది పల్నాడు జిల్లాలో, కరీంనగర్ జిల్లా పెద్దబంకూరు అన్నది పెద్దపల్లి జిల్లాలో ఉన్నాయి. ఒకే పేరున్న ఊళ్ళు మన దగ్గర పదుల సంఖ్యలో ఉంటాయి కనుక తాలూకా పేరు దొరికితే అదీ రాయండి.

నాణెం తానే చెప్పేది

మనుషులూ కాగితాలూ మౌనంగా ఉన్నప్పుడు నాణేన్నే అడగాలి. నాణెం రకాన్ని గుర్తిస్తే అది ఎక్కువగా ఏ ప్రాంతంలో దొరుకుతుందో చెప్పవచ్చు. ఓడ బొమ్మ ఉన్న సాతవాహన నాణేలు తూర్పు తీరానికి చెందినవి. ఏనుగు ఒక వైపు, ఉజ్జయినీ చిహ్నం ఇంకో వైపు ఉన్న పోటిన్ (రాగి, సీసం, తగరం కలిసిన మిశ్రమ లోహం) నాణెం మీద కుంభ సాతకర్ణి, కర్ణ సాతకర్ణి వంటి పేరు చదవగలిగితే, చూపు విదర్భ వైపు తిప్పాలి. ఎందుకంటే పురాణాల జాబితాల్లో లేని ఈ పేర్లు అకోలా ప్రాంతంలోని తర్హాళలో 1939లో దొరికిన నాణేల రాశి వల్లనే ప్రసిద్ధిలోకి వచ్చాయి. పశ్చిమ క్షత్రపుల్లో క్షహరాత వంశపు రాజైన నహపానుడి వెండి నాణెం మీద ఆయనను ఓడించిన గౌతమీపుత్ర సాతకర్ణి గుర్తులు తిరిగి కొట్టి ఉంటే, నాసిక్ దగ్గరి జోగళ్‌టెంభిలో 1906లో దొరికిన రాశి తప్పక గుర్తుకు రావాలి. అందులో 13 వేలకు పైగా నాణేలు ఉండగా, 9 వేలకు పైగా ఇలా తిరిగి ముద్రించినవే.

రోమన్ నాణేల దగ్గర ఆధారాలు మరింత స్పష్టంగా ఉంటాయి. ఐరోపాలో దొరికిన రోమన్ బంగారు నాణేనికీ దక్షిణ భారతదేశంలో దొరికిన దానికీ తేడా చాలాసార్లు దాని మీద పడిన దెబ్బల్లో ఉంటుంది. చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో కొట్టిన గాటు మన దేశపు రాశుల్లో పదేపదే కనిపిస్తుంది. 1898లో పుదుక్కోట్టైలో దొరికిన 501 బంగారు నాణేలలో చాలావాటికి ఆ గాటు ఉంది. అలాగే తల పైభాగాన పక్కపక్కనే రెండు రంధ్రాలు పొడిచి ఆభరణంగా వేసుకున్న గుర్తులు, అక్షరాల స్థానంలో అర్థంలేని గీతలున్న స్థానిక అనుకరణలు కూడా మన వైపు సాక్ష్యాలే. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో 1,500కు పైగా దినారియస్ వెండి నాణేలు దొరికాయి; వినుకొండలో 1889లో బంగారువి దొరికాయి. కనుక తెలుగు ఇంట్లో రోమన్ నాణెం ఉండటంలో ఆశ్చర్యం లేదు. అయితే అది ఇక్కడి నేలలో దొరికిందా, లండన్ అంగట్లో కొన్నదా అన్నది ఆ గాట్లను, రంధ్రాలను, చిలుమును చూసే తేల్చుకోవాలి.

ఈ దశలో ఒక జాగ్రత్త అవసరం. నాణెం తయారైన చోటు, చెల్లిన చోటు, పాతిపెట్టిన చోటు వేర్వేరు కావచ్చు. తూర్పు చాళుక్యులైన శక్తివర్మ, రాజరాజ నరేంద్రుల బంగారు నాణేలు అరకాన్ (ఇప్పటి మయన్మార్ పడమటి తీరం), సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) ప్రాంతాల్లో దొరికాయి. వేంగి రాజు నాణెం కాబట్టి గోదావరి డెల్టాలోనే దొరికి ఉంటుందనుకునేవారికి అది చాలినంత జవాబు. రకాన్ని బట్టి మీరు చెప్పగలిగేది “సాధారణంగా ఈ ప్రాంతంలో దొరుకుతుంది” అన్నంతవరకే. అంతకు మించి ఒక్క అక్షరం కూడా రిజిస్టరులోకి ఎక్కనివ్వకండి.

రాశులు, మ్యూజియంలు, పాత దస్త్రాలు

నాణేలను ఒంటరిగా చూడటం కన్నా గుంపుగా చూడటం మేలు. మీ డబ్బాలోని పొట్లంలో ఉన్న మిశ్రమం, అంటే ఏ రాజువి ఎన్ని, ఎంత అరిగినవి అన్నది, అచ్చయిన ఒక రాశి వివరంతో సరిపోతుందేమో చూడాలి. పెద్దబంకూరులో ఒకే కుండలో 20 వేలకు పైగా సాతవాహన నాణేలు దొరికాయి. కొండాపురంలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ గులాం యాజ్దానీ ఆధ్వర్యంలో 1940 ప్రాంతంలో తవ్వకాలు జరిపి నాణేలతో పాటు వాటి తయారీ ఆనవాళ్ళనూ వెలికితీసింది. ఈ చోట్ల వివరాలతో పోల్చుకోవడానికి పాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మ్యూజియం గ్రంథమాలలో 1960 దశకంలో వచ్చిన పట్టికలు ఇప్పటికీ మొదట తిరగేయవలసినవి. విద్ధాంక నాణేల గురించి, ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమన్ నాణేల గురించి పరమేశ్వరీలాల్ గుప్తా, సాతవాహన నాణేల గురించి మారేమండ రామారావు అందులో రాశారు. వాటికి ముందు 1908లో రాప్సన్ తయారుచేసిన బ్రిటిష్ మ్యూజియం పట్టిక, 1886లో వాల్టర్ ఇలియట్ దక్షిణ భారత నాణేల మీద వెలువరించిన పుస్తకం ఉన్నాయి; ఈ రెండూ స్కాన్ చేసిన ప్రతులుగా ఉచితంగా దొరుకుతాయి.

ఏ కార్యాలయానికి ఉత్తరం రాయాలన్నది నాణెం దొరికిన కాలాన్నీ ప్రాంతాన్నీ బట్టి ఉంటుంది. 1953 వరకు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసుకు చెందినవి కనుక అక్కడ దొరికిన నిధుల వివరాలను చెన్నై ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియం దస్త్రాల్లో, దాని వార్షిక నివేదికల్లో వెతకాలి. తెలంగాణ ప్రాంతానికైతే 1914లో ఏర్పడిన హైదరాబాద్ రాజ్య పురావస్తు శాఖ వార్షిక నివేదికలు, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం నాణేల విభాగం చూడాలి. ఉత్తరంలో “మా దగ్గర పాత నాణేలున్నాయి, వివరాలు చెప్పండి” అని రాస్తే జవాబు రావడం కష్టం. ఫలానా తాలూకాలోని ఫలానా ఊళ్ళో ఫలానా సంవత్సరాల మధ్య నిధి దొరికినట్టు మీ రికార్డులో ఉందా అని, ఫోటోలు జతచేసి, ఒకే ప్రశ్న అడగండి.

నాసిక్ దగ్గర ఆంజనేరిలో నాణక శాస్త్ర పరిశోధనకే అంకితమైన సంస్థ ఒకటి ఉంది. అక్కడి గ్రంథాలయంలో ఒక రోజు గడిపితే మీరు ఇంటి దగ్గర నెల రోజులు వెతికినదానికన్నా ఎక్కువ దొరుకుతుంది.

కొన్న నాణేలైతే

అంగట్లోనో వేలంలోనో కొన్న నాణేల జాడ వెనక్కు నడిపించడానికి దారి వేరు. వేలం సంస్థలు ఫోటోలతో జాబితాలు అచ్చువేస్తాయి. అమెరికాలోని న్యూమన్ న్యూమిస్మాటిక్ పోర్టల్, జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం వేల కొద్దీ పాత జాబితాలను స్కాన్ చేసి ఎవరైనా చూడటానికి వీలుగా పెట్టాయి. జీనో అనే ఆన్‌లైన్ భాండాగారంలో ప్రాచ్య దేశాల నాణేల ఫోటోలు ఉన్నాయి. రోమన్ చక్రవర్తుల నాణేల రకం గుర్తించడానికి అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ నడిపే ఉచిత పట్టిక సరిపోతుంది.

పోలిక చూసేటప్పుడు మొదట అంచు రూపురేఖ, తర్వాత అచ్చు ఎటు జరిగి పడిందో, చివరగా చిట్లులు, గీతలు చూడండి. బొమ్మల పోలికను అసలు లెక్కలోకి తీసుకోకండి. ఒకే అచ్చు నాణేలన్నింటికీ అది సమానమే. రెండు వేర్వేరు ఫోటోల్లోని నాణేలకు అంచు, చిట్లు, గీత అన్నీ ఒక్కటిగా ఉండి, బరువు మాత్రం వేరుగా ఉంటే సంతోషించకండి. వాటిలో కనీసం ఒకటి, ఒక అసలు నాణేన్ని మూసగా చేసి పోసిన నకిలీ అయి ఉంటుంది. మీ డబ్బాలోనే అలాంటి కవలలు కనబడితే రెండింటినీ పక్కన పెట్టి అనుభవజ్ఞులకు చూపించండి.

రాతలో ఉన్నంత మాత్రాన జాడ నిజమైపోదు. సీజరు హత్యకు గుర్తుగా బ్రూటస్ కొట్టించిన ఒక బంగారు నాణెం 2020 అక్టోబరులో లండన్ వేలంలో దాదాపు 42 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అది ఒక పాత ఐరోపా సేకరణలోనిదని జాబితాలో రాశారు. ఆ పూర్వ చరిత్ర కల్పించినదని దర్యాప్తులో తేలింది, 2023లో ఆ నాణేన్ని గ్రీసు దేశానికి తిరిగి ఇచ్చేశారు. కాబట్టి “ఒక పాత దక్షిణ భారత కుటుంబ సేకరణ నుంచి” అన్న వాక్యం కనిపిస్తే, దానికి వెనుక పాత ఫోటో, తేదీ ఉన్న రసీదు, అచ్చయిన పట్టిక సంఖ్య వీటిలో ఏదైనా ఉందా అని అడగండి. ఏదీ లేకపోతే ఆ వాక్యాన్ని అమ్మినవాడి మాటగా మాత్రమే రాసుకోండి.

తేలినదాన్ని రాయడం

ఈ పనంతా ఒక పేరాగా నిలవాలి. ప్రతి మాటకూ ఆధారం పక్కనే ఉండాలి, ఆధారం బలం ఎంతో కూడా ఉండాలి. నేను నాలుగు మాటలు వాడతాను: కాగితం ఉంది, చూసినవారు చెప్పారు, విన్నవారు చెప్పారు, నాణెం రకాన్ని బట్టి ఊహ. ఉదాహరణకు ఒక పుట ఇలా ఉంటుంది:

“సంఖ్య 7. సీసం, 5.42 గ్రాములు. బొమ్మ వైపు ఏనుగు, బొరుసు వైపు ఉజ్జయినీ చిహ్నం. దొరికిన చోటు: తెలియదు, కోస్తా ఆంధ్ర కావచ్చు (రకాన్ని బట్టి ఊహ). చేతులు మారిన క్రమం: 1961కి ముందే తాతగారి దగ్గర ఉంది (ఆ సంవత్సరం ఆయన డైరీలో గీసిన బొమ్మ, కాగితం ఉంది), ఒక బంధువు ఇచ్చినదని పెదనాన్నగారి మాట (విన్నవారు చెప్పారు), 1994లో మా నాన్నగారికి సంక్రమించింది (చూసినవారు చెప్పారు).”

“తెలియదు” అని రాయడానికి వెనకాడకండి. ఖాళీగా ఉన్న గడిని రేపు ఎవరైనా నింపగలరు. ఊహతో నింపిన గడిని ఖాళీ చేయడం ఎవరివల్లా కాదు. ఒకసారి అచ్చులోకి ఎక్కితే తప్పుడు ఊరి పేరు తర్వాతి పరిశోధకుల పటాల్లో చుక్కగా మారి నిలిచిపోతుంది.

చట్టం విషయం

వెతుకులాట మధ్యలో ఎవరైనా “ఇవి మొన్ననే పొలంలో దొరికాయి” అని చెబితే దారి మారుతుంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాగి ఉండి దొరికిన, పది రూపాయలకు మించి విలువ చేసే నిధి గురించి దొరికినవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. నిధి ఏమిటి, ఎంత, ఎక్కడ దొరికింది, ఏ తేదీన దొరికింది అన్నవి ఆ నోటీసులో ఉండాలి. తెలియజేయకపోతే ఏడాది వరకు జైలు, జరిమానా ఉండవచ్చు. లంకెబిందె దొరికిందంటే కంసాలి దగ్గర కరిగించడమో రాత్రికి రాత్రి అమ్మడమో జరుగుతుండటానికి ఆ భయం కూడా కారణమేమో అనిపిస్తుంది. కానీ ఆ నోటీసులో అడిగే నాలుగు సంగతులే మనం ఇంతసేపూ వెతికినవి. కలెక్టరుకు ఇచ్చిన ఆ ఒక్క కాగితం కన్నా గట్టి ఆధారం నాణేనికి మరొకటి దొరకదు.

ఇంట్లో వారసత్వంగా ఉన్నవాటికి 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, ఇది 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. నూరేళ్ళు దాటిన నాణెం ఈ చట్టం కింద పురావస్తువే. ఇంట్లో ఉంచుకోవచ్చు, పురావస్తువుల వ్యాపారం చేయాలంటే మాత్రం లైసెన్సు కావాలి, దేశం దాటించడం వ్యక్తులకు నిషిద్ధం. దాటిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలు శిక్ష ఉంది. అందుచేత అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన కొడుకూ కూతురూ “తాతయ్య గుర్తుగా నాలుగు పట్టుకెళతాం” అంటే ఒప్పుకోకండి. మంచి ఫోటోలు, రిజిస్టరు నకలు ఇచ్చి పంపండి. అక్కడే ఉండి సాతవాహన నాణెం కొనాలనుకునే తెలుగువారు, అది 1976 ఏప్రిల్ 5కి ముందే భారతదేశం వెలుపల ఉన్నట్టు కాగితం అడగాలి. అంతకు ముందు కూడా 1947 చట్టం కింద ఎగుమతికి అనుమతి కావాలి కనుక, ఆ అనుమతి పత్రం గురించి అడగడం ఇంకా మంచిది.

రిజిస్టరు పూర్తయ్యాక రెండు నకళ్ళు తీసి ఒకటి నాణేలున్న ఇంట్లో కాకుండా వేరే చోట ఉంచండి. ఎప్పుడైనా సేకరణను మ్యూజియానికి ఇవ్వాలని కుటుంబం నిర్ణయిస్తే, నాణేలను ట్రేలలో సర్ది అందంగా ఇవ్వాలన్న ఆలోచనలో పాత బిస్కెట్ డబ్బానూ, పొట్లాల కాగితాలనూ, ఆ పెన్సిలు రాతలనూ వెనక ఉంచేయకండి. నాణేలతో పాటు వాటినీ రసీదులో ఒక్కొక్కటిగా రాయించి అప్పగించండి.